పిడుగురాళ్లలో నల్లకారు

పోయిన వారం కొత్త కారు కొందామని నరసరావుపేట షోరూముకు వెళ్లాం. అక్కడి సేల్స్‌మేన్ ఒక చిన్న సీసా చూపించి, "ఈ కోటింగ్ ఒక్కటి వేయిస్తే చాలు మేడమ్. పెయింటు, అద్దాలు, రబ్బర్లు, ప్లాస్టిక్కు, అన్నీ తళతళలాడిపోతాయి" అన్నాడు. "అద్దం జోలికొచ్చావంటే నీ కారే వద్దు" అని అరిచాను. అక్కడున్న వాళ్లంతా నా వైపు తిరిగారు. మావారు మంచినీళ్ల గ్లాసు అందించారు, తాగలేదు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు పాపం. నా కోపం అతని మీద కాదు, మా పెద్దబావ మీద. ఏళ్లు గడిచినా చల్లారలేదు. చల్లార్చుకోవాలని నాకూ లేదు.

మా పెద్దక్కను పిడుగురాళ్లలో ఇచ్చారు. బావకు సున్నం బట్టీలున్నాయి. ఆ ఊళ్లో ఉదయం ఆరేసిన చీర మధ్యాహ్నం తీస్తే దులపకుండా మడత పెట్టలేం. కిటికీ ఊచలు, గేటు, మందారాకులు, అన్నిటి మీదా తెల్లటి దుమ్మే. అలాంటి ఊళ్లో బుద్ధున్నవాడెవడైనా తెల్లకారు కొంటాడు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారన్నట్టు మా బావ నిగనిగలాడే నల్లకారు కొన్నాడు. ఇక రోజూ దానికి సేవ. బీరువాలో అక్క మెత్తటి నూలు చీర కనపడలేదంటే కారు దగ్గర వెతుక్కోవాల్సిందే. ఎక్కబోయే ప్రతివాళ్లనూ చెప్పులు దులుపుకోమనేవాడు. ఒకసారి మా అత్తగారిని కూడా అన్నాడు. ఆవిడ దులుపుకోలేదు, ఎక్కనూ లేదు, బస్సులో వెళ్లిపోయింది.

ఇంత ముచ్చటపడి కొన్నాడా, నడపడు. బట్టీల దగ్గరికి తీసుకెళితే పాడైపోతుందని భయం. కదపకపోతే బ్యాటరీ చచ్చిపోతుందని మెకానిక్ చెబితే, అందుకోసం అక్కకు డ్రైవింగ్ నేర్పించాడు. యాభై దగ్గర పడుతున్న వయసులో, అప్పటిదాకా తోడు లేకుండా గడప దాటని మనిషి, మూడు నెలల్లో కారు చేతికి తెచ్చుకుంది. మొదటిసారి ఒంటరిగా సత్తెనపల్లిలో మా ఇంటికొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. దిగకుండా వాకిట్లోనే హారన్ కొడుతూ కూర్చుంది. పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తాను. "ఎవర్నీ అడక్కుండా వచ్చానే!" అంది. ఆ ముఖంలో వెలుగు నేనెప్పుడూ చూడలేదు, పెళ్లినాడు కూడా. పాలు పొంగిపోయాయి, పోనీ. అప్పటినుంచి వారానికోసారైనా వచ్చేది. వంకాయలు తెచ్చాననో, దారిలో పనుందనో సాకు చెప్పేది. నిజానికి ఆమెకు స్టీరింగు పట్టుకోవడమే పని.

ఇంతలో బావకు ఎవరో పెయింటు మీద పూసే సీలెంటు సంగతి చెప్పారు. అది పూస్తే దుమ్ము అంటుకోదట. రోహిణి కార్తె ఎండలో, కారు సరిగా కడగనైనా కడగకుండా, వాకిట్లో పెట్టి పూశాడు. పెయింటుతో ఆగాడా? చెయ్యి ఊరుకోక నల్ల ప్లాస్టిక్కుకీ, తలుపుల రబ్బర్లకీ, వైపర్లకీ, ముందద్దానికీ ఎడాపెడా పట్టించేశాడు. ఆ ఎండకు ప్లాస్టిక్కు మీదా రబ్బర్ల మీదా పూసింది పూసినట్టే ఎండిపోయి, వెల్ల వేసినట్టు తెల్లబడింది. అవి పైకి కనపడేవి కాబట్టి కూర్చుని గీకించాడు. అద్దం సంగతి పట్టించుకోలేదు. "అద్దం మసగ్గా ఉందయ్యా" అని అక్క రెండుసార్లు చెప్పింది. "మెరుపది. నీకేం తెలుసు?" అన్నాడు.

తొలకరి వాన రాజుపాలెం దాటాక అందుకుంది. అక్క మా ఇంటినుంచి తిరిగి వెళుతోంది. వైపర్లు వేయగానే అవి కిర్రుమంటూ ఎగిరెగిరి పడ్డాయట. ఎదురుగా లారీ లైట్లు పడేసరికి అద్దమంతా పాలు పోసినట్టయిపోయిందట. అంత భయంలోనూ తెలివి తప్పకుండా వేగం తగ్గించి ఎడమకు తీసింది. రోడ్డు పనికోసం పోసిన కంకర కుప్పకు గుద్దుకుంది. బంపరు విరిగింది, అక్క నుదురు బొప్పి కట్టింది. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు.

సంగతి తెలిసి నేను వెళ్లేసరికి అక్కావాళ్లింట్లో పంచాయితీ నడుస్తోంది. "అద్దంలోంచి రోడ్డు ఆనలేదు" అని అక్క చెబుతూనే ఉంది. బావ వాళ్లన్నయ్య కాఫీ చప్పరిస్తూ, "ఆడలేక మద్దెల ఓడందంట. ఆడోళ్లకి కారెందుకురా?" అన్నాడు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. అక్క తాళం తెచ్చి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున నేను వాకిట్లోకి వస్తే బావ ముందద్దాన్ని ఏదో పొడితో తెగ రుద్దుతున్నాడు. ఏంది బావగారూ అన్నాను. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "ఈ మందు అద్దానికి పెట్టకూడదంటమ్మా. నీళ్లు కొట్టి వైపరేస్తే నాకే ఏం కనపళ్లా. మీ అక్కతో అనమాకు, నెత్తికెక్కుద్ది" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. తెలియక పూశాడంటే క్షమించేదాన్నేమో. తెలిశాక కూడా నోరు మూసుకున్నాడే, దానికి నా దగ్గర క్షమ లేదు.

నేరుగా వంటింట్లోకెళ్లి అక్కకు చెప్పేశాను. పప్పు తిరగమోత పెడుతోంది. తల తిప్పలేదు.

"నాకు తెలుసులేవే. అద్దంలోంచి చూసింది నేనేగా?"

"మరి నలుగుర్లో నిలదీయవేందే?"

"తప్పు నాదంటే రెండ్రోజులు నవ్వి మర్చిపోతారు. ఆయనదంటే ఈ ఇంట్లో ఎన్నాళ్లకి సుఖంగా అన్నం తింటాం? నువ్వు పోతావు సత్తెనపల్లి. నేనుండాలిగా!" అంది.

ఆ వారమే డ్రైవరును పెట్టారు. అక్క వెనకసీట్లోకి మారింది. డ్రైవరు ఖాళీగా ఉండి, బావ సరేనన్న రోజునే మా ఇంటికి రాక. కారు మాత్రం మెరుస్తూనే ఉంది. ఎవరు మెచ్చుకున్నా బావ మీసం మీద చెయ్యేసేవాడు. నాకా మీసం పీకేయాలనిపించేది.

నిన్న మా కొత్త కారు ఇంటికొచ్చింది. అక్కను పిలిపించి తాళం ఆమె చేతిలో పెట్టాను. దాన్ని కాసేపు అరచేతిలో తిప్పి చూసుకుని నాకే ఇచ్చేసింది. "మోకాళ్లు పట్టేశాయే. బ్రేకు తొక్కాల్సినప్పుడు తొక్కలేను. ఇప్పుడు గుద్దితే నిజంగానే నా తప్పవుద్ది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మోకాళ్లు బాగున్న ఏళ్లన్నీ మా అక్కకు వెనకసీట్లోనే గడిచిపోయాయి.