అక్క పలికిన పేరు

మా కాలంలో ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలికేవాళ్లు కాదు. ఎవరైనా అడిగితే పక్కనున్న వాళ్ల మొహం చూడాలి, వాళ్లు చెప్పాలి. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. నవ్వేవాళ్లు నవ్వుకోండి. బ్యాంకులో గానీ దవాఖానలో గానీ అడిగితే నేను ఇప్పటికీ మనవరాలి వైపు తిరుగుతాను. మా ఆయన పోయి ఎన్నో ఏళ్లయింది, తగ్గడానికి ఆయుష్షంటూ ఏమీ మిగల్లేదు, అయినా నాలుక కదలదు. అందుకే మా అక్క చేసిన పని తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అది పోలీసు యాక్షన్ జరిగిన మరుసటేడు. మాది నల్లగొండకు ఒక పూట నడక దూరంలో ఉన్న పల్లె. దొరల మీద కొట్లాడే సంఘంలో తిరిగాడని మా బాపును మిలిట్రీ వాళ్లు పట్టుకుపోయి నల్లగొండ జైల్లో పెట్టారు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో అవ్వ, అక్క, నేను మిగిలాం.

అక్క మొగుణ్ని వదిలేసి వచ్చి అప్పటికి అయిదారేళ్లు. వాడు కొట్టేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైనా కొట్టేవాడు, తక్కువైనా కొట్టేవాడు, సరిపోయిన రోజు ఇంకేదో వెతుక్కునేవాడు. కులపెద్దలు కూర్చుని ఇడుపు చేశారు, అంటే పెండ్లి తెంచేశారు. బాపు అంతటితో ఊరుకునే మనిషి కాదు. నోటిమాట ఎన్నాళ్లు నిలుస్తుందని నల్లగొండ అదాలతులో దావా వేసి, ఆ ఇడుపు నిజమేనని ఫైసలా రాయించి, ముద్ర వేయించుకుని వచ్చాడు. ఆ కాయితం మా సందుగలో ఉండేది. రజాకార్లు మా వాడను తగలబెట్టిన రోజు సందుగతో పాటే కాలిపోయింది.

ఊరొదిలి పట్నం పారిపోయిన దొర, యాక్షన్ అయ్యాక కాంగ్రెసు తెల్ల టోపీ పెట్టుకుని తిరిగొచ్చాడు. ఆయన వెంట ఆయన మనుషులూ వచ్చారు. వాళ్లలో అక్క పాత మొగుడొకడు. వాడి రెండో పెండ్లాం జ్వరంతో చనిపోయిందట. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, గొడ్లు, చేను. చాకిరీకి మనిషి కావాల్సి వచ్చేసరికి మా అక్క గుర్తొచ్చింది. ఇడుపూ లేదు గిడుపూ లేదు, నా పెండ్లాం నా ఇంటికి రావాలని చావడిలో పంచాయితి పెట్టించాడు. ఇడుపు చేసిన పెద్దల్లో ఒకాయన చనిపోయాడు, ఒకాయన జైల్లో ఉన్నాడు, మిగిలినవాళ్లకు దొరను చూడగానే మతిమరుపు వచ్చింది.

"అదాలతు కాయితం ఉన్నదంటున్నవ్ గదా. అమాసలోపల తెచ్చి చూపియ్యి. లేకుంటే పోవుడే," అన్నారు అక్కతో.

అక్క ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున లేచి, "కాలిపోయింది మన కాయితం. కచేరిల ఇంకోటి ఉంటది గదా. పోయి అడుగుత," అంది. అవ్వ గుండెలు బాదుకుంది. మగతోడు లేకుండా, దారి పొడుగునా మిలిట్రీ క్యాంపులు ఉండగా, ఇద్దరు ఆడపిల్లలు కచేరికి పోవడం ఎక్కడైనా ఉందా అని. అక్క వినలేదు. జొన్నరొట్టెలు మూట కట్టింది, నన్ను వెంటేసుకుని బయల్దేరింది.

దారిలో ఒకచోట సిపాయిలు ఆపారు. మాకు వాళ్ల భాష రాదు, వాళ్లకు మాది రాదు. ఒకడు మా సద్దిమూట విప్పించి రొట్టెలు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు, కింద తుపాకులు ఉన్నాయనుకున్నాడో ఏమో. ఎల్లిపాయ కారం వేలికి అంటుకుంటే నాకి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగి, పొండి పొమ్మని చెయ్యూపాడు. చాలా దూరం వెళ్లాక గానీ మేము నవ్వలేదు.

నల్లగొండలో ముందు జైలు దగ్గరికి పోయాం. బాపును చూడనివ్వలేదు. అక్క ఆ గోడ వైపు కాసేపు చూసి, "నడువ్," అంది.

కచేరి వరండాలో దరఖాస్తులు రాసేటాయన ఒకాయన మాకు ఉర్దూలో నాలుగు ముక్కలు రాసి, రుసుము టికెట్టు అంటించి, లోపలికి పంపాడు. పాత మిసళ్లు, అంటే దావాల కాయితాల కట్టలు, దాచే గది అది. గుమ్మంలోనే నా కాళ్లు ఆగిపోయాయి. నేల నుంచి వాసాల దాకా చెక్క బీరువాలు, వాటి నిండా ఎర్రగుడ్డలో కట్టిన మూటలు. జిల్లాలో ఊరూరి లొల్లి అంతా అక్కడికొచ్చి గప్‌చిప్‌గా పడుకుని ఉంది. మా వాడలో ఒక్క పూటలో అంతా బూడిదైపోయింది, ఇక్కడ ఎప్పటి కాయితమో చెదలు పట్టకుండా ఉంది. గుడిలో కూడా నేను అంత భయభక్తులతో నిలబడలేదు.

బల్ల వెనక షేర్వాణీ వేసుకున్న ముసలి గుమాస్తా దరఖాస్తు చదివి అక్క వైపు చూశాడు.

"ఏ సాలు ఫైసలా ఇది, బేటీ?"

"గవన్ని మాకెర్క లేదు సాబ్. మా చెల్లె పెద్దమనిషైన ఏడు," అంది అక్క.

గుమాస్తా కళ్లద్దాల పైనుంచి నన్ను చూశాడు. పక్క బల్ల దగ్గరి ఇద్దరు కూడా చూశారు. భూమిలోకి దిగిపోవాలనిపించింది. అక్కను అక్కడే గిచ్చాను. ఆమె పట్టించుకోలేదు. గుమాస్తా మటుకు లెక్క దొరికినట్టే తలూపాడు.

"అచ్ఛా. నీ మొగని పేరు?"

అక్క అలవాటుగా నా వైపు చూసింది. నేను చెప్పేశాను. గుమాస్తా కలం కింద పెట్టాడు.

"నిన్ను అడగలే. మిసల్ ఎవరిదో ఆమెనే చెప్పాలె. అక్కలు, చెల్లెండ్లు, వదినెలు వచ్చి ఒకరి కాయితం ఒకరు అడిగితె మేం ఇస్తమా?"

"మా ఊరి గుట్ట మీది దేవుని పేరే సాబ్," అంది అక్క మెల్లగా.

"జిల్లాల ఎన్ని గుట్టలున్నయి, ఎంతమంది దేవుండ్లున్నరు బేటీ! పేరు చెప్పు."

"బాపు దావా ఏసినప్పుడు ఎట్ల చెప్పినవక్కా?" అని చెవిలో అడిగాను. "వకీలు చెప్పిండు, బాపు చెప్పిండు. నేను తలకాయ ఊపిన," అంది. అది నిజమే. ఆ మనిషితో కాపురం చేసింది, దెబ్బలు తిన్నది, తెంచుకుని వచ్చింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ పేరు పలకలేదు.

నాకు కోపమొచ్చింది. "వాడు చస్తే నీకేందే?" అన్నాను.

"ఎట్లాంటోడైనా, నా నోట్లకెల్లి ఒక మనిషి సావొద్దు చెల్లె," అంది.

అప్పటికి రెండేళ్లుగా మా చుట్టూ మనుషులు చస్తూనే ఉన్నారు, చంపుతూనే ఉన్నారు. పొద్దున లేస్తే ఎవడు పోయాడని అడగడం మాకు అలవాటైపోయింది. వీపు మీద ఇంకా వాతలున్న మా అక్క, ఆ వాతలు పెట్టినవాడికి తన నోటివల్ల ఏమవుతుందోనని వణుకుతోంది. ఆ క్షణాన ఆమె కాళ్ల మీద పడాలనిపించింది నాకు.

గుమాస్తా కసురుకోలేదు. కుండలోంచి నీళ్లు ముంచి ఇప్పించాడు. అక్క తాగింది. నెత్తి మీది కొంగు సర్దుకుంది. బల్లను రెండు చేతులతో పట్టుకుని ఆ పేరు చెప్పింది. ఆయనకు వినబడలేదు. "జర గట్టిగ," అన్నాడు. ఈసారి ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, ఊరి పేరుతో కలిపి చెప్పింది. వరండాలో కూర్చున్నవాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా చెప్పింది. చెప్పి, బల్ల వదలకుండా అట్లాగే నిలబడింది. చెమటతో రవిక తడిసిపోయింది.

పొద్దు వాలే వేళకు మూట దొరికింది. గుమాస్తా అందులోంచి ఒక కాయితం తీసి, ఉర్దూలో చదివి, మాకు తెలుగులో చెప్పాడు. అడుగున ఒక వేలిముద్ర చూపించి, "ఇది మీ బాపుది," అన్నాడు. అక్క ఆ ముద్ర మీద తన వేలు ఆనించింది. జైల్లో మనిషిని చూడనివ్వలేదు, కచేరిలో ఆయన వేలు మా కోసం కాచుకుని ఉంది. ఇద్దరం ఏడ్చాం. గుమాస్తా మొహం అటు తిప్పుకుని, "రేపు పొద్దుగాల రాండ్రి, నకలు రాయించి ఇస్త," అన్నాడు.

మర్నాడు ముద్ర వేసిన నకలు రొట్టెల గుడ్డలో చుట్టుకుని తిరుగుదారి పట్టాం. అక్క దారంతా ఒకటే మాట. "ఆయనకేమన్న అయి ఉంటదంటవా?" నేను తిట్టీ తిట్టీ అలసిపోయాను.

అమావాస్య నాడు చావడికి పోయేసరికి వాడు అరుగు మీద కూర్చుని పాన్ నములుతున్నాడు. మీసాలకు నూనె పెట్టుకున్నాడు. గుండ్రాయిలా ఉన్నాడు, మాయరోగం కూడా లేదు. అక్క వాడిని పైనుంచి కిందిదాకా చూసి, గట్టిగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి ఎందుకో ఆ చావడిలో నాకొక్కదానికే తెలుసు.

పట్వారీ నకలును తిరగేసి మరగేసి, దొర మనుషుల వైపు ఒకసారి చూసి, "ఇది నకలే గదా. అసలుది ఏది?" అన్నాడు.

"అసలుది కాలిపోయింది," అంది అక్క.

"మరి గట్లయితే ఎట్ల?"

పెద్దలు తలలు దించుకున్నారు. వాడు నవ్వాడు. "లే, నడువ్ ఇంటికి," అన్నాడు అక్కతో.

అక్క లేచింది. కొంగు నడుముకు దోపుకుంది. వాడి కళ్లలోకి చూసి, పేరు పెట్టి పిలిచింది. కచేరిలో చెప్పినట్టే, ఇంటిపేరుతో సహా. పిలిచి, "ఎవలింటికి?" అంది.

ఆడవాళ్లు నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క మళ్లీ పిలిచింది, ఈసారి పక్కింటి పిల్లవాణ్ని పిలిచినంత తేలిగ్గా.

వాడు ఎగిరి లేచాడు. మొహం నల్లబడింది. "నన్ను పేరు వెట్టి పిలుస్తవా? థూ! ఏ మొగనికన్న గిది పెండ్లామైతదా? గిసొంటి ఆడిదాన్ని ఇంట్లకు ఎవడు రానిస్తడు? నాకొద్దు!"

"ఇన్నరా?" అంది అక్క పెద్దలతో. "పెండ్లాన్ని కాదంట. ఆయనే అన్నడు."

పెద్దల్లో ఒకాయన తలెత్తి, "ఇన్నం," అన్నాడు. పట్వారీ నకలు మడిచి అక్క చేతికి తిరిగి ఇచ్చేశాడు.

బాపు జైలు నుంచి వచ్చాక అక్క ఆ కాయితం ఆయన ఒళ్లో పెట్టింది. ఇప్పుడది నా దగ్గరుంది. మనవరాలు ఎవరినో పట్టుకుని ఆ ఉర్దూ చదివించి, వాడి పేరేదో నాకు చెప్పబోయింది. నాకు తెలుసన్నాను. ఇక్కడ రాయమంటే మాత్రం రాయను. ఆ పేరు పలకడానికి మా అక్క నల్లగొండ దాకా నడిచింది.