జనార్దన్‌రావు గారి ఇరవై ఒక్క అంకెల గుండె

కరీంనగర్‌లో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన జనార్దన్‌రావు గారు బొమ్మ మీద అక్షరం పడితే సహించలేరు. ముప్పై ఏళ్లు ఎడమ బోర్డు మీద బొమ్మ వేసి, భాగాలకు అంకెలిచ్చి, పేర్లు కుడి బోర్డు మీద రాశారు. ఫోన్‌లో పాఠాలు మొదలుపెట్టాక కూడా ఆ సంప్రదాయానికి భంగం రానివ్వలేదు. గుండె బొమ్మ ఒక పేజీ, ఇరవై ఒక్క పేర్లు మరో పేజీ.

చెన్నూరు దగ్గర బొగ్గుబాయి కాలనీ నుంచి ఆ పాఠాలు వినే మహేశ్వరి ఇంటర్‌లో జువాలజీ ఒక్కటే తప్పింది. సప్లిమెంటరీలో గట్టెక్కితేనే నర్సింగ్ సీటు. పరీక్షకు పన్నెండు రోజులుంది. ఆ పిల్ల పద్నాలుగో అంకె చూసి, పేజీ జరిపి, పేరు వెతికి వెనక్కి వచ్చేసరికి తాను వెతికింది పద్నాలుగో పదిహేడో మరచిపోయేది. క్లాసులో అడిగితే కుడి కర్ణికను ఎడమ జఠరిక అంది. శ్రద్ధ లోపించిందని సారు తీర్పు చెప్పారు.

షిఫ్టు దిగి వచ్చి పక్కనే అన్నం తింటున్న ఆమె తండ్రి సారయ్య ఫోన్ అందుకున్నాడు.

"సారూ, తప్పుగ అనుకోకుండ్రి. మా బాయిల ఏ స్విచ్చు పేరు ఆ స్విచ్చు మీదనే ఉంటది. పేర్లన్ని పైన ఆఫీసుల పెడితే కింద పనిజేసెటోడు ఎట్ల బతుకుతడు?"

"నేను చెప్పేది బాయి గాదు సారయ్యా, గుండె."

"గందుకే జర ఫికరైతుంది సారూ."

మూడో రోజు సారు సంస్కరణకు దిగారు. ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు కనుక ప్రతి భాగం పేరు, పని, కొలత, అన్నీ బొమ్మ మీదికే ఎక్కించారు. భార్య జానకీబాయి చూసి, ఇందులో గుండె ఎక్కడుందని అడిగారు.

దాంతో కోత మొదలైంది. పరీక్షకు అవసరమైన తొమ్మిది పేర్లే మిగిలాయి. ఒక్కోటి దాని భాగం పక్కనే, పొట్టి గీతతో. తీసేసిన పన్నెండింటినీ ఆయన సొంతవాళ్లను సాగనంపినట్టు సాగనంపారని జానకీబాయి సాక్ష్యం.

మరుసటి క్లాసులో మహేశ్వరి రక్తం దారంతా ఆగకుండా చెప్పింది. మిగతా బొమ్మలూ అదే పద్ధతిలో మారాయి. పరీక్షలో గుండె రాలేదు, మెదడు వచ్చింది. పాసైంది.

సీటు వచ్చిందని చెప్పడానికి సారయ్య స్వీటు డబ్బాతో కరీంనగర్ వెళ్తే, సారు దాన్ని పక్కనపెట్టి ఒక కాగితం ముందుకు జరిపారు.

"కూసో. కాలేయం గీసిన. జర చూడు, ఏడన్న తప్పు పోయిందేమో."

సారయ్య కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"గీ రెండు గీతలు ఒకదాని మీద ఒకటి వోయినయి సారూ."

జనార్దన్‌రావు గారు రబ్బరు అందుకున్నారు.