నీచు పళ్ళెం

నా పెళ్ళయిన ఏడాది, డెబ్బైల మొదట్లో, బాపట్ల నుంచి మావారి స్నేహితులు రెండు కుటుంబాలవాళ్ళు వచ్చారు. రేపల్లె దగ్గర మాకు చిన్న నిమ్మతోట ఉండేది. అక్కడ కోడిమాంసాన్ని ఇనపచువ్వలకు గుచ్చి, నిప్పుల మీద కాల్చి పెడతానని మావారు వాళ్ళకు మాటిచ్చారు. హైదరాబాదులో చదివేటప్పుడు నేర్చుకొచ్చిన విద్య అది. తెనాలిలో మా వీధిలో అప్పటికి ఎవరూ అలా వండి ఎరగరు.

తోటలో దిగగానే మా అత్తగారు నీడన గొయ్యి తీయించి, తడి ఇసుక పోయించి, ఉప్పూకారం పట్టించిన మాంసం గిన్నెను అందులోకి దింపారు. పైన తడి గోనెపట్టా కప్పారు. గండుచీమలు ఎక్కకుండా పెరుగు కుండను నీళ్ళు పోసిన బేసినులో నిలబెట్టారు. కుంపట్లో పచ్చి వేపరొబ్బలు వేస్తే ఆ పొగకి మా కళ్ళు మండాయి గానీ, ఈగలు మాత్రం దగ్గరకు రాలేదు. ఆ చేదు వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు ఆవిడే గుర్తొస్తారు.

"పచ్చిమాంసం ముట్టిన చేత్తో ఇంకేదీ ముట్టుకోకమ్మాయ్" అని నాకు పదిసార్లు చెప్పారు. పి.యు.సి. చదివిన నాకు అదంతా చాదస్తంగా తోచింది.

మొదటి వాయి కాలింది. పిల్లలు చుట్టూ మూగారు. మావారు "పళ్ళెం, పళ్ళెం!" అని తొందరపెడుతుంటే చేతికందింది పట్టాను. కాలిన ముక్కలన్నీ అందులో పడ్డాక గానీ చూసుకోలేదు. అది పచ్చిముక్కలు పెట్టుకున్న పళ్ళెం. అడుగున నీచునీళ్ళు ఇంకా ఉన్నాయి.

ఎవరూ చూడలేదనుకుని, నవ్వుతూ అతిథుల వైపు నడిచాను. నాలుగడుగులు వేశానో లేదో, అత్తగారు ఎదురొచ్చి పళ్ళెం అందుకున్నారు. తిన్నగా వెళ్ళి ఎరువు గోతిలో వంపేశారు.

మావారి మొహం ఎర్రబడింది. "ఏంటమ్మా ఇది? వాళ్ళ ముందు!"

"నాదేరా పొరపాటు. నీచు పళ్ళెం ఇచ్చాను. చూపు ఆనట్లేదు."

"మళ్ళీ కాలిస్తే సరిపోయేదిగా పిన్నిగారూ" అన్నాడు ఒక స్నేహితుడు.

"పసిపిల్లలు తింటారు బాబూ. ఇంకో వాయి కాలుస్తాడులే. అందాకా మజ్జిగ తాగండి."

మాంసం తలా రెండు ముక్కలే వచ్చింది. పులిహోర, పెరుగన్నంతో అందరూ కడుపు నింపుకున్నారు. పెద్దావిడ చూపు మీద ఎవరో హాస్యమాడితే ఆవిడా నవ్వేశారు. మావారు మాత్రం ఆ పూటంతా తల్లితో మాట్లాడలేదు.

సాయంత్రం తెనాలి రైల్లో ఆవిడ పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. "నా తప్పు మీ మీద ఎందుకు వేసుకున్నారండీ?"

"నువ్వొచ్చి ఆర్నెల్లు కాలేదు. ఇవాళ నిన్నంటే ఆ మాట పదేళ్ళుంటుంది. నన్నయితే ముసల్దని నవ్వి వదిలేస్తారు." గొంతు తగ్గించారు. "కానీ తెలిసీ వాళ్ళకి పెట్టబోయావు చూడూ, అది బాగాలేదమ్మాయ్."

మర్నాడు పొద్దున జరిగిందంతా మావారికి నేనే చెప్పాను. ఆయన వంటింట్లోకి వెళ్ళి, తల్లి పక్కన పీట వాల్చుకుని కూర్చున్నారు.

"కాఫీ ఇవ్వమ్మా" అన్నారు.