మేకు కదిలితే

ఆదాము మేస్త్రీకి ఒక అలవాటుంది. ఇటుకల వరస మొదలుపెట్టే ముందు ప్రతిసారీ మూలల్లో కొట్టిన మేకుల్ని వేలితో కదిపి చూస్తాడు. మేకు నూలుపోగంత జరిగినా దానికి కట్టిన దారం అబద్ధం చెబుతుంది, దారాన్ని నమ్మిన గోడ వంకరపోతుంది. ముప్పయ్యేళ్లుగా ఆమదాలవలస చుట్టుపక్కల అతను కట్టిన గోడల్ని వేలెత్తి చూపినవాడు లేడు.

2018లో అరసవల్లిలో ఒక లాడ్జి కడుతుండగా అతని కుడికాలు తిమ్మిరెక్కి పరంజా మీద నిలవనంది. నడుములో ఒక పూస ముందుకి జారి నరాన్ని నొక్కుతోందట. స్క్రూలు బిగించి దాన్ని నిలబెట్టాలన్నారు విశాఖ ఆసుపత్రిలో. స్క్రూ పక్కకి పోతే కాలు పూర్తిగా పడిపోవచ్చు. పరంజా ఎక్కలేని మేస్త్రీ ఎవరికి కావాలి? ఆదాముకి నిజంగానే భయమేసింది.

భయం భయమే, ఆరా ఆరానే. డాక్టర్ భరణి కంప్యూటర్ తెర ముందు కూర్చోబెట్టి అంతా చెప్పింది. ఎముకకి చిన్న కడ్డీ బిగిస్తారు. దాని మీద మెరిసే గోళీలుంటాయి. కెమెరా వాటిని కనిపెట్టి చూస్తూ స్క్రూ ఎటు పోవాలో తెర మీద చూపిస్తుంది. రోబో చెయ్యి ఆ దారికి సరిగ్గా వచ్చి ఆగుతుంది.

"మరా కడ్డీ గాని కదిలిపోతే ఏటవుతాదమ్మా?"

భరణి అతని వంక కొత్తగా చూసింది. ఏ రోగీ ఆమెని ఆ ప్రశ్న అడగలేదు. "తెర తప్పు చూపిస్తుంది మేస్త్రీ గారూ. అందుకే ప్రతి స్క్రూకి ముందూ నాకు తెలిసిన ఎముకని తాకి, తెర కూడా అదే చోటు చూపిస్తోందా లేదా అని చూసుకుంటాను."

మాట నచ్చింది గానీ మనసు ఊరుకోలేదు. ఆపరేషన్ రోజు పొద్దున్నే మంచం మీద బోర్లా పడుకున్నాడు. "ఒసే ఏసమ్మా, నీలం పొడి అద్దిన దారం తే. నా ఎన్ను మీద గీత కొట్టు. డాక్టరమ్మ దారి తప్పకుండా ఉంటాది."

"ఆసుపత్రోళ్లు నవ్వుతారు," అంటూనే భార్య సంచిలోంచి దారం తీసింది. ఇన్నేళ్లూ అతని పక్కనే ఇటుకలు మోసిన మనిషి. ఒక కొస అతను మెడ వెనక పట్టుకుంటే, రెండో కొస నడుము దగ్గర బిగబట్టి, మధ్యలో లాగి వదిలింది. వీపు మీద నీలం గీత పడింది.

థియేటర్లో నర్సు నోరెళ్లబెట్టింది. భరణి నవ్వాపుకుంటూ గీత పక్కన వేలితో తడిమింది. "గీత తిన్నగానే ఉంది. మీ వెన్నుపూసలే ఎడమకి వంగాయి."

ఆదాము సిగ్గుతో చచ్చిపోయాడు. ముప్పయ్యేళ్ల మేస్త్రీ, లోపలున్నదాన్ని చూడకుండా పైన దారం కొట్టించాడు! వాళ్లు గీతని కడిగేశారు. మత్తు ఎక్కేదాకా అతను కళ్లతో ఆ గోళీల కడ్డీనే వెతుక్కుంటూ ఉన్నాడు.

మెలకువ వచ్చేసరికి భరణి మంచం పక్కన నిలబడి ఉంది, ఏసమ్మ కాళ్ల దగ్గరుంది. "కుడికాలి బొటనవేలు కదపండి," అంది భరణి.

ఆదాము కదపలేదు. "కడ్డీ కదిలిందా అమ్మా?"

"ఒకసారి కదిలింది. నా మోచెయ్యే తగిలింది. మూడో స్క్రూకి ముందు తాకి చూస్తే తేడా తెలిసింది. అంతా ఆపి, మళ్లీ స్కాన్ తీసి, మొదటి నుంచి సరిచూసుకున్నాను."

ఏసమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆదాము ముఖం మాత్రం విప్పారింది. మేకు ఎన్నడూ కదల్లేదని చెప్పే మేస్త్రీని అతను జన్మలో నమ్మలేదు.

"అయితే సూడమ్మా," అని బొటనవేలు పైకెత్తాడు.