చారల గిత్తకు గుప్పెడు చెక్క

పశు పరిశోధన కేంద్రంలో పదహారేళ్లుగా దాణా వేసే ఆమెను అందరూ గంటమ్మ అనేవారు. ఒక్కపూట కూడా వేళ తప్పేది కాదు. మోకాళ్లు మాత్రం అరిగిపోయాయి. తొట్టి దగ్గర వంగితే లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చేది.

ఆ ఏడు కేంద్రంలోని పశువుల డాక్టరు కొత్త ప్రయోగం మొదలుపెట్టాడు. పశువు పొట్టలో ఎండుగడ్డిని అరిగించేవి కంటికి కనపడని జీవులు. వాటికి నత్రజని కావాలి, అది పత్తిగింజల చెక్కలో ఉంటుంది. నాలుగు గిత్తలకు రోజూ తలా కిలో చెక్క. మరో నాలుగింటికి రోజు విడిచి రోజు రెండేసి కిలోలు. గిత్తల డొక్కకు రంధ్రం చేసి అమర్చిన మూత తీసి, పొట్టలోని రసం సీసాలో పట్టివ్వడమూ గంటమ్మ పనే.

చెక్క లేని రోజున రెండో గుంపులోని చారల గిత్త ఖాళీ తొట్టి నాకుతూ ఆమె చేతులకేసి చూసేది. గంటమ్మ మూడు వారాలు ఓర్చుకుంది. తర్వాత బస్తాలోంచి గుప్పెడు తీసి వేసింది. అదే అలవాటైంది.

రెండు నెలలకు డాక్టరు సంబరంగా వచ్చాడు. చెక్క లేని రోజు కూడా చారల గిత్త రసంలో నత్రజని తగ్గలేదని, అన్నిటికన్నా దాని జీవులే చురుగ్గా ఉన్నాయని చెప్పాడు. అది తన గుప్పెడు చెక్క పనేనని గంటమ్మకు తెలిసిపోయింది. ఇంటికెళ్లి అక్కతో చెప్పుకుంటే, గమ్మున ఊరుకోమంది అక్క. ఆమె ఊరుకోలేకపోయింది.

"అయ్యా, దానికి నేనే దొంగచాటుగా పెట్టాను. పస్తుంచడానికి మనసొప్పలేదు," అంది మర్నాడు.

డాక్టరు గడ్డిమోపు మీద కూలబడ్డాడు.

"పస్తు కాదమ్మా. నిన్న తిన్నదాంట్లో మిగిలిన నత్రజని రక్తంలోకి పోయి, ఇవాళ లాలాజలంతో మళ్లీ పొట్టకే చేరుతుంది. జీవులకు అది సరిపోతుందా అనే మనం చూస్తున్నది."

చారల గిత్త కొలతలన్నీ కొట్టేశారు. దానికి మళ్లీ మొదటినుంచీ. ఆమెను తీసేయమని పైవాళ్లన్నారట. దాచకుండా చెప్పిన మనిషిని వదులుకోనన్నాడు డాక్టరు. ఈసారి చెక్క లేని రోజుల్లో ఆమె గిత్త మొహం చూడకుండా తొట్టి కడిగేసి, బయట పంపు దగ్గర కాసేపు కూర్చునేది.

చివరికి రెండు గుంపులూ ఒకేలా పెరిగాయి. చారల గిత్త కూడా. రోజు విడిచి రోజు చాలని తేలడంతో కొట్టమంతటికీ అదే పద్ధతి పెట్టారు. గడ్డి వేసేవాళ్లు వేరే ఉన్నారు కాబట్టి ఆమెకూ రోజు విడిచి రోజు సెలవొచ్చింది.

మొదటి సెలవు రోజు బాగా పొద్దెక్కాక అక్క వచ్చి నుదురు తాకి చూసింది.

"జ్వరమా?"

"కాదక్కా. లేవాల్సిన పని లేదంతే," అని ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.