పగటిపూట పేరు

అరవై అయిదులో, యుద్ధం వచ్చిన ఏడాది, మా పదిమందిని లారీలో తెచ్చి నెల్లూరు సముద్రపొడ్డున దించారు. మధ్యాహ్నం రెండు గంటలు. బూట్లలోంచి ఇసుక కాలుతోంది. ఎదురుగా సముద్రం, వెనక సరుగుడు తోపు, ఉత్తరాన ఉప్పుమళ్లు. రెండు గుడారాలు, ఒక వైర్‌లెస్ సెట్టు, ఒక బైనాక్యులర్. సముద్రం మీద ఏ పడవ కనిపించినా కబురు చెప్పాలి. కనిపించినవన్నీ చేపల పడవలే.

మా ఊరు సంగం. సొంత జిల్లాలో డ్యూటీ అంటే అదృష్టమన్నారు ఊళ్లో. అదృష్టమట, వాళ్ల మొహం!

వారం తిరక్కముందే ఉప్పుమళ్ల వైపు నుంచి ఒక తెల్లకుక్క వచ్చింది. ఆడది. కాపలావాడి పక్కనే పడుకునేది. ఇసుకలో అడుగు పడితే మాకంటే ముందు మొరిగేది. కానీ వారానికోసారి జీపులో వచ్చే మా లెఫ్టినెంట్ ముందే చెప్పాడు. "కుక్క ఉంటే ఉండనీ. ఆడకుక్క మాత్రం వద్దు. పిల్లలు పెడితే ఇది పోస్టు కాదు, సంత."

అందుకని ఆడో మగో తెలియని పేరు కావాల్సి వచ్చింది. వైర్‌లెస్ చూసే అతను రాజు అన్నాడు. హవల్దారు ఒప్పుకోలేదు. "అబద్ధం వద్దు. అడగాలనిపించని పేరు పెట్టండి, చాలు." గౌరి అంటే దొరికిపోతాం. నేను ఉప్పు అన్నాను.

చిల్లకూరు నుంచి వచ్చిన మా వంటవాడు గరిటె ఎత్తాడు. "నీకు బుద్ధుండాదా అన్నా? దీపాలు పెట్టినాక ఆ మాట ఎవురన్నా అంటారా?"

"మరి రాత్రి ఏమని పిలిచేదబ్బా?"

"చవి అను. రాత్రిపూట ఉప్పుని మీ ఇంట్లో అట్టా అనరా?"

మాట తప్పినవాడికి ఆ పూట కూడు లేదన్నాడు. కూడు పోతుందంటే ఎవరైనా వింటారు. అలా దానికి పగలు ఉప్పు, రాత్రి చవి. ఒకసారి హవల్దారు మరిచిపోయి రాత్రి ఉప్పూ అని పిలిస్తే చెవి కూడా కదపలేదు.

పేరు దాచగలం, కడుపు దాచగలమా? ఒక సాయంత్రం లెఫ్టినెంట్ చూసేశాడు. మరునాడు పెద్ద ఆఫీసరు తనిఖీ, అందుకని ఆ రాత్రి మా దగ్గరే ఉండిపోవడానికి వచ్చాడు. "నన్ను వెధవని చేస్తారా?" అని పిస్తోలు తీశాడు. కుక్క తోపులోకి పారిపోయింది. అప్పటికే లాంతరు వెలిగింది. "ఉప్పూ! ఉప్పూ!" అని గొంతు చించుకున్నాడు. రాలేదు. వంటవాడు తల ఎత్తకుండా బియ్యం ఏరుతున్నాడు.

నేను సెల్యూట్ కొట్టాను. "సార్, పొద్దున్నే పల్లెపాలెంలో ఇచ్చేస్తాను. ఇక్కడ కనిపించదు."

"సరే" అన్నాడు. ఆ నోటితోనే అన్నాడు.

తెల్లారగానే పాలెం వెళ్లి, మాకు చేపలమ్మే అక్కను పిలుచుకొచ్చాను. తట్టలో గోనెపట్టా పరిచి తెచ్చింది. "కడుపుతో ఉండేదాన్ని నడిపిస్తామా అన్నా? నెత్తిన పెట్టుకుని పోతా" అంది. ఇద్దరం ఇసుక దిబ్బ ఎక్కాం. కింద గుడారాల దగ్గర నిలబడి లెఫ్టినెంట్ పిలుస్తున్నాడు.

"ఉప్పూ!"

తోపులోంచి వచ్చింది. పొద్దెక్కింది మరి. నేను "సార్!" అని అరిచాను. పేలింది.

"నీ చేతులు పడిపోనూ!" అని అక్క తట్ట విసిరికొట్టింది. ఆ శాపం తగిలిందో లేదో నాకు తెలియదు, తగలాలనే ఈనాటికీ కోరుకుంటున్నాను. పెద్ద ఆఫీసరు పది గంటలకు వచ్చాడు. జీపు కూడా దిగలేదు.

డ్యూటీ ముగిసి ఊరికి వస్తే అడిగారు. "సముద్రం గాలి తినేసి వచ్చినావు, నువ్వు చూసిన యుద్ధం ఏంది?" కుక్క సంగతి చెప్పాను. నవ్వారు. నవ్వండయ్యా, మీ సొమ్మేం పోయింది!

రాత్రిపూట నాకు ఏ బాధా లేదు. పగలు అన్నం దగ్గర ఎవరైనా "ఉప్పు ఇటివ్వు" అంటారు. అంతే, బరువు కడుపు ఈడ్చుకుంటూ, తోక ఊపుకుంటూ, అది పరుగెత్తుకొస్తుంది.