మా బండల కప్పుకు బీమా

పోయిన శనివారం పొద్దున ఆరున్నరకు వంటింటి అరలో స్టీలు గ్లాసులు గలగలలాడాయి. కాళ్ల కింద నేల సన్నగా వణికింది. "ఈ క్వారీ వాళ్లకు తెల్లారకముందే తొందర," అని మా కోడలు సునీత పొయ్యి మీద పాలు చూసుకుంది. జగ్గయ్యపేటలో మేమంతా అంతే. రాయి పేల్చే మోతకు అలవాటుపడి, భూమి కదిలినా క్వారీనే తిడతాం. వీధిలో కేకలు విని బయటికి వచ్చాకే అది భూకంపమని తెలిసింది. ఆ వణుకులో నాకు దేవుడికంటే ముందు కమల టీచరుగారు గుర్తొచ్చారు.

పోయిన ఏడాది కన్నుమూసేదాకా ఆవిడ మా పక్కింట్లోనే ఉండేవారు. అప్పట్లో నలభై దాటినా నాకు అక్షరం రాదు. ఒకసారి నందిగామ వెళ్లబోయి వత్సవాయి బస్సెక్కి కూర్చున్నాను. బడికి వెళ్తూ అదే బస్సులో ఉన్న టీచరుగారు, "మార్తమ్మా, వత్సవాయిలో ఎవరున్నారే నీకు?" అన్నారు. ఎవరూ లేరన్నాను. "మరి బోర్డు చూడకుండా ఎక్కావా?" అని తిట్టి, నాతోపాటు దిగిపోయారు. ఆ సాయంత్రమే అ ఆలు మొదలుపెట్టించారు. మిరపకాయలు కోసొచ్చి, మంట పుట్టే వేళ్లతోనే పలక పట్టేదాన్ని. మాట అర్థం కాకపోతే దాని మీద నుంచి వేలు తీయనిచ్చేవారు కాదు.

తర్వాత నందిగామ ఆసుపత్రిలో మా ఆయనకు ఆపరేషనన్నారు. సంతకం పెట్టమని కాగితమిస్తే వెంటనే పెన్ను అందుకున్నాను. తోడొచ్చిన టీచరుగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ముందు చదువు."

"వణుకొస్తందండీ."

"వణుకుతూనే చదువు. నేనెక్కడికీ పోను."

చదివాను. వేలు ఆగిన చోటల్లా డాక్టరును నాచేతే అడిగించారు. మా ఆయన బతికొచ్చి, నాతో కలిసి ఈ ఇల్లు కట్టాకే పోయాడు. కప్పంతా నాపరాతి బండలే. కూలితే మళ్లీ కట్టే వయసు కాదు నాది.

శనివారం సాయంత్రానికే బీమా ఏజెంటు రాజు వచ్చాడు. "భూకంపం వెనకాలే బయల్దేరావేంట్రా?" అన్నాను.

నవ్వేసి, "ఏడాదికోసారి కడితే చాలు పెద్దమ్మా. ఇల్లు పడిపోతే కట్టుకోడానికి ఇస్తారు," అన్నాడు.

"పడకపోతే?" అంది సునీత.

"పడకపోతే ఏం రాదక్కా."

"అయితే ఆ డబ్బుతో వంటింటి కిటికీ మార్పించుకుందాం అత్తయ్యా. మన వీధిలో ఏనాడైనా ఇల్లు పడిందా?"

దాని మాటలోనూ న్యాయం ఉంది. నేను కాగితం మీద వేలు పెట్టి చదవసాగాను. పాత పగుళ్లకు వర్తించదన్న చోట వేలు ఆగింది.

"మా గోడలు క్వారీకే పగిలాయి కదరా. రేపు ఏది దాని పగులో, ఏది భూకంపం పగులో ఎవరు చెప్తారు?"

రాజు తల గోక్కుని వాళ్ల ఆఫీసుకు ఫోను చేశాడు. ఇవాళే పగుళ్లన్నీ ఫొటోలు తీసి జతచేస్తే సరిపోతుందన్నారు. కిటికీ అడిగిన సునీతే అతన్ని గదిగదికీ తిప్పి చూపించింది.

ఇల్లు పడకపోవచ్చు. పడితే మాత్రం ఇంకొకరి పంచన తల దాచుకోవడం నావల్ల కాదు. కడతానన్నాను. చివరి వరుసదాకా పైకి చదివి, పెన్ను పట్టుకున్నాను. చదవడం ఆవిడ ఇచ్చి వెళ్లిందే, నాతోనే ఉంది. నా చెయ్యి మీద ఆవిడ చెయ్యే లేదు. పక్కింట్లో కొత్తగా దిగినవాళ్లు తలుపు మూసుకుని ఉన్నారు. సంతకం పెట్టాను. ఆ సాయంత్రం మా అరుగు మీద ఉన్నది నేను, సునీత, రాజు. ముగ్గురమే.